జిమ్మీ పీటర్స్ లేని మ్యాచ్

1906 మార్చి 17న ఎడిన్‌బరోలోని ఇన్వర్‌లీత్ మైదానంలో ఇంగ్లండ్, స్కాట్లండ్ రగ్బీ జట్లు తలపడింది మన రూపాయలు కరిగించి చేసిన కప్పు కోసం. ఉద్యోగాలకూ వ్యాపారాలకూ కలకత్తా వచ్చిన తెల్లవాళ్లు 1873లో అక్కడ ఒక రగ్బీ క్లబ్బు పెట్టుకున్నారు. సభ్యులకు మందు ఉచితంగా పోసినన్నాళ్లూ క్లబ్బు కళకళలాడింది. ఆ వసతి ఎత్తేశాక, ఊళ్లో ఉన్న బ్రిటిష్ పటాలం కూడా తరలిపోయాక ఆడేవాళ్లు పలచబడ్డారు. ఆ ఎండల్లో కిందపడి దొర్లే ఆటకంటే టెన్నిస్, పోలో నయమనిపించాయి వాళ్లకు. 1878లో క్లబ్బు మూసేయాలనుకున్నారు. బ్యాంకులో ఉన్న 270 వెండి రూపాయలు బయటికి తీసి, కరిగించి, కప్పు చేయించి ఇంగ్లండ్‌లోని రగ్బీ యూనియన్‌కు కానుకగా ఇచ్చారు. అప్పట్లో రూపాయి బిళ్ల సరిగ్గా తులం తూగేది. ఆ లెక్కన 270 తులాల వెండి. కప్పుకు మూడు పిడులు, మూడూ పాములే. మూత మీద ఏనుగు.

ఆ కప్పు కోసం మొదటి మ్యాచ్ 1879 మార్చిలో జరిగింది. అదే ఏడు ఆగస్టు 7న ఇంగ్లండ్‌లోని సాల్‌ఫర్డ్ పట్టణంలో జేమ్స్ పీటర్స్ పుట్టాడు. ఇరవయ్యారేళ్ల వయసులో ఆ కప్పును ఇంగ్లండ్‌కు గెలిచిపెట్టిన పదిహేను మందిలో ఒకడయ్యాడు. ఇంగ్లండ్ రగ్బీ జట్టు తరఫున ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అతనే. అతని తర్వాత మళ్లీ ఒక నల్లజాతి ఆటగాడు ఆ చొక్కా తొడుక్కోవడానికి 1988 దాకా పట్టింది. ఆ వచ్చినవాడు క్రిస్ ఓటీ.

రికార్డుల పుస్తకంలో పీటర్స్‌కు దక్కింది ఒకే ఒక్క వరుస. ఐదు మ్యాచ్‌లు, రెండు ట్రైలు (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనిస్తే అది ట్రై), 1906 నుంచి 1908 వరకు. ఆ ఐదు మ్యాచ్‌లూ చూస్తే మంచి ఆటగాడని తెలుస్తుంది. ఇంగ్లండ్ అతన్ని ఎలా చూసిందో తెలియాలంటే మాత్రం ఆ వరుసలో లేని ఆరో మ్యాచ్ దగ్గరికి వెళ్లాలి. 1906 డిసెంబరు 8న క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో ఇంగ్లండ్ దక్షిణాఫ్రికాతో ఆడింది. ఆ రోజు పీటర్స్ జట్టులో లేడు.

అంతర్జాతీయ రగ్బీలో తెల్లజాతికి చెందని మొదటి ఆటగాడు పీటర్సే అనుకుంటే పొరపాటు. ప్రపంచంలో తొలి అంతర్జాతీయ రగ్బీ మ్యాచ్ 1871 మార్చి 27న ఎడిన్‌బరోలో జరిగింది. ఒక్కో జట్టులో ఇరవై మంది. ఆ రోజు స్కాట్లండ్ తరఫున ఆడిన ఆల్‌ఫ్రెడ్ క్లూనీస్-రాస్ తల్లి మలయ్ స్త్రీ. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల మీద పెత్తనం చేసిన కుటుంబం వాళ్లది. వెనక ఆస్తి ఉంది, అండ ఉంది. పీటర్స్‌కు ఆ రెండింట్లో ఏదీ లేదు. రంగు ఒక్కటే అతని దారికి అడ్డం పడలేదు, పేదరికం కూడా అంతే అడ్డం పడింది. అతని కథ చెప్పేటప్పుడు ఈ రెండో ముక్క తరచూ జారిపోతుంది.

తండ్రి జార్జ్ పీటర్స్ జమైకా నుంచి వచ్చినవాడు. సర్కస్‌లో సింహాలను ఆడించేవాడు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్‌లో నల్లజాతివాళ్లకు పనీ పేరూ దొరికిన కొద్ది చోట్లలో సర్కస్ ఒకటి. నారిచ్‌లో పుట్టిన విలియం డార్బీ అనే నల్లజాతి వ్యక్తి పాబ్లో ఫాంక్ అనే పేరుతో గుర్రాలాడించి, చివరకు సొంతంగా సర్కస్ కంపెనీయే నడిపాడు. సింహాల బోనులోకి వెళ్లే మార్టీని మకోమోకు ఇంగ్లండ్ ఉత్తరాది ఊళ్లలో గొప్ప పేరుండేది. నల్లజాతి మనిషిని సింహాల మధ్య నిలబెడితే జనం ఎగబడి వస్తారని సర్కస్ యజమానులు కనిపెట్టారు. చూసేవాళ్లకు ఆఫ్రికా అడవే డేరాలోకి దిగివచ్చినట్టుండేది. ఆ మనిషి జమైకాలో పుట్టాడా, నారిచ్‌లో పుట్టాడా అన్నది ఎవరికీ పట్టలేదు.

జిమ్మీ చిన్నతనంలోనే తండ్రిని బోనులో సింహం చంపేసింది. తల్లి హానా ష్రాప్‌షైర్‌లోని వెమ్ అనే చిన్న ఊరి మనిషి, తెల్లజాతి స్త్రీ. భర్త పోయాక ఇల్లు గడవక, పిల్లవాణ్ని మరో సర్కస్ కంపెనీకి అప్పగించింది. జీను లేని గుర్రం వీపు మీద నిలబడి విన్యాసాలు చేయడం వాడి పని. పదకొండేళ్ల ప్రాయంలో చెయ్యి విరిగింది. పనికిరాడని సర్కస్‌వాళ్లు వదిలేసి వెళ్లిపోయారు.

గుర్రం మీద నేర్చుకున్న ఒడుపే తర్వాత రగ్బీ మైదానంలో పనికొచ్చిందని రాయడం తేలిక. అలా రాసినవాళ్లూ ఉన్నారు. కానీ చెయ్యి విరిగిన మరుక్షణం దిక్కులేకుండా వదిలేసిన చోటును శిక్షణాలయం అనడానికి మనసొప్పదు. ఆ పిల్లవాణ్ని ఆటగాడిగా మలిచింది లండన్‌లోని అనాథ శరణాలయాలు. ముందు సదర్క్‌లో ఫెగన్ పేరుతో నడిచిన వసతిగృహం, ఆ తర్వాత గ్రీనిచ్‌లో లిటిల్ వాండరర్స్ హోమ్. అక్కడ వేళకు తిండి దొరికింది, చదువు దొరికింది, చేతికి పని వచ్చింది. వడ్రంగం, అచ్చుపని నేర్చుకున్నాడు. ఆటల్లో జట్లకు నాయకుడయ్యాడు. నూరు గజాల పరుగు, మైలు పరుగు, ఎత్తు దూకడం, పొడవు దూకడం, ఏ పోటీ పెట్టినా ముందు వరుసలో అతనే.

చేతిపనితో పొట్టపోసుకోవడానికి బ్రిస్టల్ చేరాడు. చిన్న క్లబ్బుల్లో ఆడి, 1900లో ఆ నగరపు పెద్ద జట్టులోకి వచ్చాడు. వస్తూనే గొడవ. నల్లవాణ్ని తీసుకున్నందుకు క్లబ్బు కమిటీలో ఒకాయన రాజీనామా చేశాడని చెబుతారు. తెల్లవాడికి దక్కాల్సిన చోటు ఇతనికిచ్చారని పత్రికల్లో గొణుగుళ్లు మొదలయ్యాయి. అయినా 1902 దాకా అక్కడే ఆడి, ఆ తర్వాత ప్లిమత్ వెళ్లిపోయాడు.

ప్లిమత్ నౌకాదళం ఊరు. పక్కనే డెవన్‌పోర్ట్ డాక్‌యార్డ్. డాక్‌యార్డ్ చుట్టూ ఊరు ఎలా అల్లుకుంటుందో విశాఖవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లండన్ చుట్టుపక్కల రగ్బీ అంటే పెద్ద బడుల్లో, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో చదివిన దొరబాబుల ఆట. నైరుతి మూలన డెవన్, కార్న్‌వాల్ జిల్లాల్లో మాత్రం వడ్రంగులు, బాయిలర్ పనివాళ్లు, నావికులు, గనికూలీలు ఆడేవాళ్లు. శనివారం మధ్యాహ్నం పని దిగడం, నేరుగా మైదానానికి పోవడం. పీటర్స్ ఇలాంటి చోట ఇమిడిపోయాడు. ప్లిమత్ క్లబ్బుకు, డెవన్ జిల్లా జట్టుకు హాఫ్‌బ్యాక్‌గా నిలదొక్కుకున్నాడు.

హాఫ్‌బ్యాక్ పనేమిటో దగ్గర నుంచి చూడాలి. రెండు జట్ల ఫార్వర్డ్‌లూ తలలు వంచి, భుజాలు ఆనించి, ఎదురెదురుగా నెట్టుకుంటారు. బంతి వాళ్ల కాళ్ల మధ్య పడుతుంది. మడమలతో వెనక్కి తన్నగానే అది బయటికొస్తుంది. అక్కడ కాచుకుని ఉన్న హాఫ్‌బ్యాక్ దాన్ని అందుకుని రెండో హాఫ్‌బ్యాక్‌కు విసురుతాడు. రెండోవాడి చేతికి బంతి అందేసరికే అవతలి మనుషులు మీద పడుతుంటారు. పరిగెత్తాలా, తన్నాలా, పక్కవాడికివ్వాలా అన్నది ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే ఇవ్వాలి. వానలో నానిన తోలుబంతి చేతిలోంచి సబ్బుబిళ్లలా జారుతుంది. పాదాల కింద బురద. పీటర్స్ బంతిని చకచకా అందించే తీరు, ఎదురొచ్చినవాణ్ని పక్కకు తప్పుకుని దూసుకుపోయే తీరు చూసి, అతని ఎంపికను ఇష్టపడనివాళ్లు కూడా మెచ్చుకోక తప్పలేదు. డెవన్ జట్టులో రాఫేల్ జాగోతో అతని జోడీకి మంచి పేరొచ్చింది. 1906లో డెవన్ జిల్లాల ఛాంపియన్‌షిప్ గెలిచింది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్ జట్టు పరిస్థితి దయనీయంగా ఉంది. వేల్స్ మీద 1898లో గెలిచింది, మళ్లీ గెలవడానికి 1910 దాకా పట్టింది. 1905లో కార్డిఫ్‌లో 25-0తో చిత్తయింది. స్కాట్లండ్ చేతిలో 1903, 1904, 1905 వరుసగా మూడేళ్లు ఓడింది. 1906లోనూ వేల్స్‌తో, ఐర్లండ్‌తో ఓడాకే స్కాట్లండ్ మ్యాచ్‌కు పీటర్స్‌ను పిలిచారు. ఇంగ్లండ్ ఇంత హీనంగా ఆడుతుండకపోతే ఆ పిలుపు వచ్చేదా అన్న అనుమానం రాకమానదు. జాతి కారణంగా ఈ ఎంపిక చాలామందికి నచ్చలేదని ఉత్తరాది పత్రిక ఒకటి బాహాటంగానే రాసింది.

ఇన్వర్‌లీత్‌లో ఇంగ్లండ్ 9-3తో గెలిచింది. అప్పట్లో ట్రైకి మూడు పాయింట్లు. మూడు ట్రైలు ఇంగ్లండ్‌వి, ఒకటి స్కాట్లండ్‌ది. 1902 తర్వాత స్కాట్లండ్ మీద ఇంగ్లండ్‌కు అదే మొదటి గెలుపు. ట్రైలు పీటర్స్ పేరిట లేకపోయినా, బంతి అందించడంలో అతని పనితనాన్ని పత్రికలు పొగిడాయి. ఆ పొగడ్తకు ముందు రంగును గుర్తుచేసే విశేషణం ఒకటి తగిలించాయి.

ఐదు రోజులకు, మార్చి 22న, ఇంగ్లండ్ పారిస్‌లో దిగింది. ఫ్రాన్స్‌తో ఇంగ్లండ్‌కు అదే తొలి మ్యాచ్. అంతర్జాతీయ రగ్బీకి ఫ్రాన్స్ అప్పటికి మూడు నెలల పసిబిడ్డ. ఆ ఏడు జనవరి 1న న్యూజీలండ్‌తో ఆడి 38-8తో ఓడిన జట్టు అది. ఇంగ్లండ్ 35-8తో గెలిచింది. గ్లాస్టర్ ఆటగాడు ఆర్థర్ హడ్సన్ ఒక్కడే నాలుగు ట్రైలు చేశాడు. పీటర్స్ ఒకటి చేశాడు. ఇంగ్లండ్ తరఫున అతని మొదటి ట్రై అది. రెండు మ్యాచ్‌లు, రెండు గెలుపులు. మామూలుగా అయితే అలాంటి ఆటగాడి చోటుకు ఢోకా ఉండదు.

ఆ శరదృతువులో దక్షిణాఫ్రికా జట్టు వచ్చింది. బ్రిటన్‌కు వాళ్ల తొలి రగ్బీ పర్యటన అది. స్ప్రింగ్‌బాక్స్ అన్న పేరు వాళ్లకు స్థిరపడింది కూడా ఈ పర్యటనలోనే. బోయర్ యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్లే అయింది. ఒకే రాజ్యంగా దక్షిణాఫ్రికా 1910లో గానీ ఏర్పడలేదు. నిన్నమొన్నటిదాకా ఒకరినొకరు కాల్చుకున్న డచ్చి సంతతివాళ్లు, ఇంగ్లిష్ సంతతివాళ్లు పాల్ రూస్ నాయకత్వంలో ఒకే జట్టుగా ఓడెక్కారు. ఇరువర్గాల తెల్లవాళ్ల మధ్య సయోధ్యకు గుర్తుగా బ్రిటిష్ పత్రికలు ఆ జట్టును నెత్తిన పెట్టుకున్నాయి. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లు, మిశ్రమ జాతివాళ్లు కూడా రగ్బీ ఆడేవాళ్లు. 1890లలోనే వాళ్లకు సొంత బోర్డు, సొంత పోటీలు ఉన్నాయి. ఓడలో వాళ్లకు చోటు లేదు.

అక్టోబరు 17న డెవన్‌పోర్ట్‌లో స్ప్రింగ్‌బాక్స్‌తో డెవన్ ఆడాల్సి ఉంది. జిల్లా అంతా కదిలివచ్చింది. గ్యాలరీలు కిటకిటలాడుతున్నాయి. డెవన్ జట్టులో పీటర్స్ ఉన్నాడని చూశాక దక్షిణాఫ్రికావాళ్లు మైదానంలోకి రామని డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్నారు. వాళ్ల తరఫు ఉన్నతాధికారి ఒకాయన లోపలికెళ్లి బతిమాలి, నచ్చజెప్పి ఆటకు ఒప్పించాడని తర్వాత్తర్వాత చెప్పుకున్నారు. లోపల ఎవరు ఏమన్నారో ఆ గోడలకే తెలియాలి. చివరకు ఆట జరిగింది. స్ప్రింగ్‌బాక్స్ 22-6తో గెలిచింది. పీటర్స్ చివరిదాకా ఆడాడు.

ఇక్కడ డెవన్‌వాళ్లకు న్యాయంగా రావలసిన మెప్పు ఇవ్వాలి. అతిథుల మనసు నొచ్చుకుంటుందని వాళ్లు పీటర్స్‌ను పక్కన కూర్చోబెట్టలేదు. డెవన్ తరఫున ఎవరు ఆడాలో డెవనే తేల్చుకుంది.

ఇంగ్లండ్ సెలెక్టర్లు ఆ పని చేయలేకపోయారు. డిసెంబరు 8న క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆడే పదిహేను మంది పేర్లు వచ్చాయి. అందులో పీటర్స్ పేరు లేదు. గాయమైందని ఎవరూ అనలేదు, ఆట తగ్గిందని ఎవరూ అనలేదు. జట్టును ప్రకటించేవాళ్లు కారణాలు చెప్పే కాలం కాదది. మ్యాచ్ 3-3తో సమమైంది. ఇంగ్లండ్ తరఫున ఆ ఒక్క ట్రై చేసిన ఫ్రెడ్డీ బ్రూక్స్ రొడీషియాలో స్థిరపడ్డ మనిషి. ఇంగ్లండ్‌కు అతను ఆడింది ఆ ఒక్క మ్యాచే. రొడీషియాలో బతికే తెల్లవాడికి ఇంగ్లండ్ జట్టులో చోటు దొరికింది, సాల్‌ఫర్డ్‌లో పుట్టినవాడికి దొరకలేదు.

స్ప్రింగ్‌బాక్స్ జనవరి మొదట్లో పారిస్‌లో ఆఖరి మ్యాచ్ ఆడి వెళ్లిపోయారు. ఫిబ్రవరి 9న డబ్లిన్‌లో ఐర్లండ్‌తో ఆడిన ఇంగ్లండ్ జట్టులో పీటర్స్ మళ్లీ కనిపించాడు. సెలెక్టర్లు మనసులో ఏమనుకున్నారో ఈ తేదీలే చెబుతున్నాయి.

ఇది పీటర్స్ ఒక్కడికే ఎదురైన అవమానమైతే దురదృష్టం అని సరిపెట్టుకోవచ్చు. కానీ అంతకు పన్నెండేళ్ల ముందే, 1894లో, దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు ఇంగ్లండ్ బయల్దేరేటప్పుడు క్రోమ్ హెండ్రిక్స్ అనే మిశ్రమ జాతి ఫాస్ట్ బౌలర్‌ను వదిలేశారు. అప్పుడు కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్. 1928లో దక్షిణాఫ్రికా వెళ్లిన న్యూజీలండ్ రగ్బీ జట్టు జార్జ్ నేపియా అంతటి మావోరీ ఆటగాణ్ని ఇంట్లో వదిలి వెళ్లింది. మరుసటి ఏడు, 1929లో, మన దులీప్‌సింహ్‌జీ ఎడ్జ్‌బాస్టన్‌లో దక్షిణాఫ్రికాతో ఇంగ్లండ్ తరఫున తొలి టెస్ట్ ఆడాడు. మిగతా నాలుగు టెస్టుల్లో అతని పేరు లేదు. దక్షిణాఫ్రికావాళ్ల అభ్యంతరమే కారణమని అప్పుడే అనుకున్నారు. ఆ మరుసటి ఏడు లార్డ్స్‌లో ఆస్ట్రేలియా మీద 173 పరుగులు కొట్టాడు. 1968లో ఓవల్‌లో 158 పరుగులు చేసిన బాసిల్ డి'ఒలివేరాను దక్షిణాఫ్రికా పర్యటనకు ముందు ఎంపిక చేయకపోవడం, తర్వాత వేరొకరి స్థానంలో తీసుకోవడం, దాంతో ఆ పర్యటనే రద్దవడం చాలామందికి తెలిసిన కథ. దులీప్‌ను పక్కనపెట్టిన తీరుకూ, పీటర్స్‌ను పక్కనపెట్టిన తీరుకూ తేడా లేదు. అభ్యంతరం అవతలి దేశానిది, లొంగింది ఇంగ్లండ్. నింద ఎప్పుడూ అవతలివాళ్ల మీదికే పోతుంది. లొంగినవాళ్లు మర్యాద పాటించామని చెప్పుకోగలిగారు. ఇందులో నాకు ఎక్కువ తప్పుగా తోచేది ఈ లొంగుబాటే.

1907లో ఐర్లండ్‌తో మ్యాచ్ పోయింది. మార్చిలో లండన్ శివారు బ్లాక్‌హీత్‌లో స్కాట్లండ్‌తో ఇంగ్లండ్ 8-3తో ఓడింది. ఇంగ్లండ్ చేసిన ఆ మూడు పాయింట్లూ పీటర్స్ ట్రైవే. ఆఖరి మ్యాచ్ 1908 జనవరి 18న, వేల్స్‌తో. అది జరిగింది బ్రిస్టల్‌లోని యాష్టన్ గేట్‌లో, తన ఎంపిక మీద గొడవ జరిగిన ఊళ్లోనే. ఆ రోజు పొగమంచు ఎంత దట్టంగా కమ్మిందంటే టిక్కెట్టు కొన్నవాళ్లకు ఆట కనబడలేదు. అరుపులు విని ఎవరు ఎటు పోతున్నారో ఊహించుకున్నారు. వేల్స్ 28-18తో గెలిచింది. పీటర్స్‌ను ఇంగ్లండ్ మళ్లీ పిలవలేదు.

అంతర్జాతీయ ఆట అక్కడితో ముగిసినా, జీవితంలో రెండో దెబ్బ ఇంకా మిగిలే ఉంది. అది అర్థం కావాలంటే ఇంగ్లిష్ రగ్బీలో డబ్బు గొడవ తెలియాలి.

1890లలో యార్క్‌షైర్, లాంకషైర్‌లలో మిల్లు కార్మికులు, బొగ్గుగని కార్మికులు రగ్బీలో మెరిశారు. శనివారం కూడా ఫ్యాక్టరీలు నడిచేవి. దూరపు ఊరికి మ్యాచ్‌కెళ్తే ఆ రోజు కూలి పోయేది. ఆ పోయిన కూలి మాత్రం ఇప్పించండి, ఆటకు జీతం అడగడం లేదు అని ఉత్తరాది క్లబ్బులు మొరపెట్టుకున్నాయి. 1893లో లండన్‌లో జరిగిన సమావేశంలో 282 ఓట్లతో ఆ తీర్మానం వీగిపోయింది. అనుకూలంగా వచ్చినవి 136. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని తమ దారి తాము చూసుకున్నాయి. అలా పుట్టిన నార్తర్న్ యూనియన్ 1906లో జట్టుకు పదమూడు మంది పద్ధతి తెచ్చింది. అదే నేటి రగ్బీ లీగ్. విడిపోయినవాళ్లతో కలిసి ఒక్క మ్యాచ్ ఆడినా, పైసా తీసుకోకపోయినా, యూనియన్ మళ్లీ గడప తొక్కనిచ్చేది కాదు. డబ్బు ముట్టడం మైల అన్నట్టే నడిచింది వ్యవహారం. డబ్బున్నవాళ్లకు ఆ నియమం పాటించడం కష్టమేమీ కాదు.

1910 ప్రాంతంలో డాక్‌యార్డ్‌లో పనిచేస్తుండగా జరిగిన ప్రమాదంలో పీటర్స్ మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు. బంతి పట్టడం, విసరడం మీద బతికే హాఫ్‌బ్యాక్‌కు మూడు వేళ్లు పోతే ఇక ఆటెక్కడిది అని అందరూ అనుకున్నారు. అతను మళ్లీ మైదానంలోకి దిగి 1912 దాకా ఆడాడు. తడి బంతిని మిగిలిన వేళ్లతో ఎలా పట్టి ఉంటాడో, ఆ పట్టు ఎన్నాళ్ల సాధనతో వచ్చి ఉంటుందో తలుచుకుంటే, ఇన్వర్‌లీత్ గెలుపుకంటే ఇదే పెద్ద విజయమనిపిస్తుంది. ఏ స్కోరు పట్టికలోనూ ఇది లేదు.

వడ్రంగం చేసుకునే మనిషికి చేతివేళ్లు పోవడం ఆటకంటే ముందు కూటికి సంబంధించిన విషయం. అతన్ని ఆదుకోవడానికి ఊరివాళ్లు ఒక సహాయ మ్యాచ్ పెట్టారు, కొంత డబ్బు అందింది. ఆటగాడు ఏ రూపంలో డబ్బు తీసుకున్నా యూనియన్ దృష్టిలో నేరమే. నైరుతి మూల క్లబ్బులు కూడా ఉత్తరాది దారి పడతాయేమోనన్న భయం అప్పటికే లండన్ పెద్దలను పీడిస్తోంది. 1912లో డెవన్‌లో ఆటగాళ్లకు డబ్బులందుతున్నాయన్న ఆరోపణల మీద వేట్లు పడ్డాయి. ఆ వేటు పడినవాళ్లలో పీటర్స్ ఒకడు.

పీటర్స్ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఈ రెండు ఘటనలూ పక్కపక్కన పెట్టినప్పుడు కనబడేదే. నల్లజాతివాళ్లు ఇంగ్లండ్‌కు ఆడకూడదని ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. 1906 డిసెంబరులో అతన్ని ఆపింది ఎవరూ సంతకం పెట్టని నియమం. అందుకే అది రెండు నెలల్లో ఏమీ జరగనట్టు పక్కకు తప్పుకుంది. 1912లో అతన్ని ఆపింది మాత్రం అచ్చులో ఉన్న నియమం. దానికి సమావేశం ఉంది, తీర్మానం ఉంది, శిక్ష ఉంది. అతన్ని శాశ్వతంగా బయటికి పంపింది ఈ రెండోదే. రంగు గురించి మాట్లాడేవాళ్లు ఈ భాగాన్ని వదిలేస్తారు, రగ్బీలో డబ్బు చరిత్ర రాసేవాళ్లు క్రిస్టల్ ప్యాలెస్‌ను వదిలేస్తారు. ఒకే మనిషి మీద పడిన రెండు దెబ్బలివి. డాక్‌యార్డ్ కూలీ కాకుండా ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడై ఉంటే మొదటి దెబ్బ తగిలినా రెండోది తగిలేది కాదు.

1913లో పీటర్స్ ఉత్తరాదికి వెళ్లి బారో క్లబ్బులో చేరాడు, అక్కడి నుంచి సెయింట్ హెలెన్స్‌కు మారాడు. సాల్‌ఫర్డ్ ఉన్న లాంకషైర్ జిల్లాలోనే ఆ రెండు క్లబ్బులూ అప్పట్లో ఉండేవి. పుట్టిన జిల్లాకు తిరిగి రావడానికి అతనికి ఇన్నేళ్లు పట్టింది. ఇక్కడ ఆడితే డబ్బివ్వడంలో దాపరికం లేదు. కానీ వయసు ముప్ఫైనాలుగు, చేతికి మూడు వేళ్లు తక్కువ, పదమూడు మంది ఆట కొత్త. 1914లో ఆట మానేశాడు.

ఆ ఏడే యుద్ధం వచ్చింది. సైన్యంలో, నౌకాదళంలో మంచి జట్లు కావలసి వచ్చేసరికి 1916లో రగ్బీ యూనియన్ తన నియమాన్ని సడలించింది. సైనిక జట్లలో నార్తర్న్ యూనియన్ ఆటగాళ్లు యూనియన్ ఆటగాళ్ల పక్కన నిలబడి ఆడొచ్చని అనుమతిచ్చింది. మామూలు క్లబ్బుల దగ్గర గేటు మూసే ఉంది. యుద్ధం ముగిశాక కూడా అది తెరుచుకోలేదు. పీటర్స్ ప్లిమత్ తిరిగి వెళ్లి వడ్రంగి పని చేసుకుంటూ బతికాడు. 1954 మార్చి 26న అక్కడే కన్నుమూశాడు. ఆటకు డబ్బు తీసుకోవడం మీద నిషేధాన్ని అంతర్జాతీయ రగ్బీ బోర్డు 1995 ఆగస్టులో ఎత్తేసింది. ఆపాటికి క్రిస్ ఓటీ ఇంగ్లండ్‌కు ఆడటం మానేసి నాలుగేళ్లవుతోంది.